సీలు లేని ఇంజన్

మా అన్న బాలరాజు పదకొండో రోజున పిట్ట ముట్టలేదు.

బావి దగ్గర విస్తరి పరిచాం. అన్నం, మటన్, బోటి కూర, రెండు గారెలు, ఒక క్వార్టర్ సీసా, ఆయన తాగే సిగరెట్ల డబ్బా. చనిపోయినవాడికి ఇష్టమైనవి పెట్టి అందరం దూరం జరగాలి. కాకి వచ్చి ముట్టుకుంటే ఆయన తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. పిట్ట ముట్టేదాకా ఎవరూ అన్నం తినకూడదు. ఆ రోజు చుట్టాలు ఎనభై మంది దాకా వచ్చారు. పన్నెండింటికి కూర్చున్నవాళ్లం, రెండు దాటింది. మార్చి నెల ఎండ. కాకులు కరెంటు తీగ మీద కూర్చుని చూస్తున్నాయి, ఒక్కటీ దిగడం లేదు.

అట్లాంటప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే లేచి పోయినవాడికి మాట ఇస్తారు. వదిన బుచ్చమ్మ లేచి, "బిడ్డ పెండ్లి నీ పేరు నిలవడేటట్టు జేస్త, రంది వడకు," అన్నది. దిగలేదు. అన్న బిడ్డ అశ్రిత లేచి, "అమ్మను ఒక్కదాన్ని ఇడిశిపెట్టి ఎటూ పోను బాపూ," అన్నది. దిగలేదు. వెనక నుంచి ఒక ముసలాయన, "జల్దీ ఏదో ఒకటి ఒప్పుకోన్రయ్యా, షుగరున్నోళ్లం ఈడనే పోయేటట్టున్నం," అన్నాడు. కొందరు నవ్వారు. తరువాత అందరూ నా వైపు చూశారు. నేను తమ్ముణ్ని. మిగిలింది నేనే.

అన్న నా నోటి నుంచి వినవలసిన మాట ఏదో నాకు తెలుసు. అంతమంది ముందు ఆ మాట అనలేకపోయాను. దానికి బదులు చేతికి దొరికిన ఇంకో మాట ఇచ్చాను.

"నీ కారు అమ్మనియ్యనన్నా. మంచిగ జేయించి నడిపిస్త. వదినను అండ్లనే తిప్పుత."

ఒక కాకి దిగింది. గారె ముక్క కరుచుకుని లేచిపోయింది. ముట్టింది, ముట్టింది అంటూ అందరూ లేచారు. బంతి వేశారు. నేను బోటి కూర రెండోసారి వేయించుకున్నాను.

నాకు మేడ్చల్‌లో హైవే మీద టైల్స్, శానిటరీ సామాను దుకాణం ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. మొదట చెప్పిన రేటుకు నేను ఏదీ కొనలేదు. మొదట చెప్పిన రేటుకే నా దగ్గర కొన్నవాళ్లను చూసి లోపల నవ్వుకున్నాను. మూడు చోట్ల అడగాలి. ఒకరి కాగితం ఇంకొకరికి చూపించాలి. రెండు వారాలు ఆగాలి. ఆగితే ఏ రేటైనా దిగుతుంది.

ఫిబ్రవరిలో అన్నకు గుండె నాళాల్లో మూడు చోట్ల పూడికలు ఉన్నాయని తేలింది. పెద్ద ఆసుపత్రిలో బైపాస్ అన్నారు, ఐదు లక్షల ఎనభై వేలని రాసిచ్చారు. డాక్టరు గదిలోకి నేనొక్కణ్నే వెళ్లాను. "పది రోజులు దాటనీయకండి," అన్నాడాయన. నాకది కొనేవాణ్ని తొందరపెట్టే మాటలా వినిపించింది. ఈ స్టాకు అయిపోతే మళ్లీ ఈ డిజైను రాదని నేను రోజుకు పదిమందికి చెప్తాను. బయటికి వచ్చి వదినతో, "నెల దాక ఏం గాదన్నడు, ఇంకో ఇద్దరికి సూపిద్దం," అన్నాను.

డబ్బులు లేక కాదు. అన్న ప్లాటు అమ్మిన పైసలు బ్యాంకులో ఉన్నాయి. అశ్రిత, "కాకా, ఎంతైతే గంతైతది, రేపే జేరుద్దాం," అన్నది. నేనే వద్దన్నాను. రెండో ఆసుపత్రి కాగితం పట్టుకుని మొదటి ఆసుపత్రికి మళ్లీ వెళ్లాను, మళ్లీ వెళ్లాను. బేరం నాలుగు లక్షల ఇరవై వేలకు తెగింది. సోమవారం చేర్చాలి. శనివారం పొద్దున అన్న స్నానానికి నీళ్లు తోడుకుంటూ పడిపోయాడు. అది పంతొమ్మిదో రోజు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పది రోజుల మాట నాకు తప్ప ఎవరికీ తెలియదు. పాపం లక్ష్మణ్ దవాఖానల సుట్టు మస్తు తిరిగిండని చుట్టాలు మెచ్చుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. పన్నెండో రోజు దుకాణం తెరిచాను. ఆ రోజు రెండు బాత్రూముల సామాను అమ్మాను.

అన్న కారు తెల్ల అంబాసిడర్. ఎనభై ఎనిమిదిలో కొన్నాడు. అప్పుడు మా వైపంతా ద్రాక్ష తోటలే. ఆ ఏడు కాపు బాగా దిగింది, ఆ పైసలతో కొన్నాడు. పెట్రోలు ఇంజన్. తరువాత ద్రాక్ష పోయింది, తోటలు వెంచర్లయ్యాయి, కారు మాత్రం ఉండిపోయింది. ఆయన సర్పంచ్‌గా ఉన్న ఐదేళ్లూ అందులోనే తిరిగాడు.

మాట ఇచ్చానే గానీ ఐదు నెలలు నేను దాని దగ్గరికి పోలేదు. ఎండాకాలం ఇళ్లు కట్టేవాళ్ల సీజను. మా ఊరు మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఉంది. వారానికోసారి వదినను చూడటానికి పోయేవాణ్ని. పోయినప్పుడల్లా ఆమె అడిగేది ఒకటే.

"బండి ఎప్పుడైతది లక్ష్మణా?"

"అయితది వదినా."

ఆగస్టు మొదట్లో ఆమె బీరువాలోంచి ఆర్సీ తీసి నా చేతిలో పెట్టింది. ఐదేళ్ల కిందట అన్న చేయించిన రెన్యూవల్ నెలాఖరుకు ముగుస్తుంది. పాత బండి కాబట్టి మళ్లీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి పాస్ చేయించాలి. పాస్ కాకపోతే రోడ్డెక్కడానికి లేదు. అప్పుడిక తుక్కువాడికే.

"పిట్ట కాడ ఇచ్చిన మాట," అన్నది వదిన. "నువ్వు దప్పితె ఆయన నడుమనే నిలవడతడు. అటూ పోడు, ఇటూ రాడు."

ఆమె దాన్ని ఊరికే అనలేదు. రోజూ ఆయన ఎక్కడిదాకా వెళ్లి ఉంటాడో ఆలోచించే మనిషి. నేను అట్లాంటివి నమ్మను. కానీ ఎనభై మంది విన్న మాట నాది.

కొత్త బ్యాటరీ వేసి స్టార్ట్ చేశాను. నాలుగోసారికి అందుకుంది. పావుగంట నడిచేసరికి కింద నల్లటి మడుగు. అన్న ఉన్నప్పుడు కూడా ఆయిల్ కారేది. కింద ఒక రేకు పెట్టేవాడు. కానీ అవి చుక్కలు. ఇప్పుడు పైనుంచి, పక్కనుంచి, వెనకనుంచి, ఇంజన్‌లో ఎక్కడ అతుకు ఉంటే అక్కడి నుంచి తోసుకొస్తున్నది.

ఆయిల్ డబ్బా పక్క సీట్లో పెట్టుకుని, దారిలో రెండుసార్లు ఆగి పోస్తూ, మొదట సుచిత్ర చౌరస్తాకు తీసుకుపోయాను. అక్కడ పాత కార్లు బాగుచేసే పెద్ద షెడ్డు ఉంది. అద్దాల గది, ఏసీ, కాఫీ మెషీను. మేనేజరు పేరు ఫణిభూషణ్, గుంటూరు వైపు మనిషి. కారు చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి బానెట్ మీద చెయ్యి వేశాడు.

"ఎంత బాగుందండీ! ఇలాంటివి ఇప్పుడెక్కడున్నాయి సార్. దీన్ని కారు అనుకోకండి, ఆస్తి అనుకోండి."

"ఆస్తి కారుతాంది సారూ. లీకు సంగతి జెప్పు."

"లీకు ఒక్కటే చేసి పంపించడం మా దగ్గర ఉండదండీ. ఇంజన్ దించాలి. దించాక ఎలాగూ అన్నీ చేసేసుకుంటేనే మీకు సుఖం."

ఎస్టిమేటు ప్రింటు తీసిచ్చాడు. లక్షా ఎనభై ఐదు వేలు. రెండు పేజీలు. నేను నా దుకాణం ఎస్టిమేటును చదివినట్టే దాన్ని చదివాను. కస్టమరు కొట్టేయించుకోవడానికే పెట్టిన వరుసలు ఏవో తెలుస్తూనే ఉన్నాయి. నేనూ టైల్స్ బిల్లు చివర 'ఇతర సామగ్రి' అని ఒక వరుస పెడతాను. అది తీసేస్తే మనిషి గెలిచినట్టు ఇంటికి పోతాడు. ఆ రెండు పేజీల్లో 'వెనక క్రాంక్ ఆయిల్ సీలు', అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు చుట్టు, మటుకు నాకు నిజమైన సరుకులా కనిపించింది. దాని కింద గీత గీసుకున్నాను.

"ఈ వారంలో అడ్వాన్స్ కడితే పది శాతం తగ్గిస్తానండీ. వచ్చే నెల నుంచి రేట్లు మారతాయి."

మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను.

రెండోవాడు మేడ్చల్ పాత రోడ్డులో కుమార్. నలభై ఏళ్లుంటాయి. బానెట్ ఎత్తకుండానే రేటు చెప్పాడు.

"ఇరవై రెండు, సేటు."

"ఏం జేస్తవ్ ఇరవై రెండుకు?"

"ఎనుక సీలు వోయింది. సీలు మార్చి ప్యాకింగులేస్త. ఖతం."

"సూడకుంటనే ఎట్ల ఎరుకయ్యింది నీకు?"

"నువ్వు టైలు మీద ఏలితోని కొట్టి మంచిదో కచ్చాదో సెప్తలేవా? గట్లనే. పెట్టెలన్ని ఇప్పి సూస్తవా ఏంది?"

నవ్వొచ్చింది. నా పని తెలిసినవాడు. సుచిత్ర కాగితం చూపించాను. అందులోనూ సీలే ఉంది. ఒకరికొకరు తెలియని ఇద్దరు ఒకే మాట చెప్తే దాన్ని నిజం కింద లెక్కవేసుకోవచ్చు. పదహారు వేలకు తెంపాను. ఒక షరతు పెట్టాను. విప్పిన పాత సామాను నా చేతికివ్వాలి. ప్లంబర్లతో కూడా నాది ఇదే షరతు. పాత నల్లా తెచ్చి చూపిస్తేనే కొత్త నల్లా డబ్బులు.

"గదేం మాట సేటు, నీ సామాను నాకెందుకు?" అన్నాడు కుమార్.

మూడోవాడు శామీర్‌పేటలో ఇస్తారి. ఆ కారును ముప్ఫై ఏళ్లు చూసింది ఆయనే. ఫోన్ చేసి ఎంతవుతుందని అడిగాను. "ఇప్పి సూస్తె గాని సెప్ప పటేలా," అన్నాడు. రేటు చెప్పనివాణ్ని నేను నమ్మను. విప్పాక ఎంతైనా అడగొచ్చు, అప్పుడు మనం ఎటూ పోలేం. పైగా అన్న ముప్ఫై ఏళ్లలో ఇంకో మెకానిక్ గడప తొక్కలేదు. అట్లాంటి కస్టమరు ఉన్నవాడికి ధర దించవలసిన అవసరం ఎన్నడూ పడి ఉండదు. వద్దనుకున్నాను.

పది రోజుల తరువాత కుమార్ కారు ఇచ్చాడు. గుడ్డలో చుట్టిన నల్లటి రబ్బరు చుట్టు ఒకటి నా చేతిలో పెట్టాడు. ఒక చోట పగిలి ఉంది.

"ఇగో నీ సీలు. సూడు ఎట్ల తిన్నదో. ఇంకో వారమైతె ఇంజనే వోతుండె."

పదహారు వేలు లెక్కపెట్టి ఇచ్చాను. కారు తీసుకుని వదిన ఇంటికి బయలుదేరాను. ఊరింకా రెండు కిలోమీటర్లుండగా ఆయిల్ లైటు వెలిగింది. డబ్బాలో ఉన్నదంతా పోసి, ఎట్లాగో వాకిట్లో నిలబెట్టాను. ముందు కారినంతా కారింది. ఇంకొంచెం ఎక్కువే.

వదిన మెట్టు మీద నిలబడి కింద పరుచుకుంటున్న ఆయిల్‌ను చూసింది.

"గిదేనా జేసింది?"

"ఆఁ."

"ఇస్తారి కాడికి ఎందుకు తోల్కపోలే?"

"రేటు జెప్పలేదు వదినా."

"ఆయనెన్నడు రేటు అడగలే," అన్నది. పాత చీర ముక్క తెచ్చి తుడవబోతే నేను తీసుకున్నాను. ఇన్‌స్పెక్షన్‌కు స్లాటు ఇరవై ఎనిమిదిన ఉంది. ఆ రోజు ఇరవై మూడు.

మర్నాడు కారును తాడుతో ట్రాక్టరుకు కట్టించి శామీర్‌పేట తీసుకుపోయాను. ఇస్తారి షెడ్డు తుర్కపల్లి పోయే రోడ్డు మీద ఉంది. అశ్రిత పనిచేసే మందుల ల్యాబుల క్యాబులు ఆగకుండా పోయే చోటు. ఆయనకు అరవై దాటాయి. కారును చూసి, దాని ముందు దీపం మీద దుమ్మును బొటనవేలితో తుడిచాడు. నేను రబ్బరు చుట్టు తీసి ఇచ్చాను.

"గిదేంది?"

"ఎనుక సీలు. పాతది. తీసి కొత్తదేసిండు."

ఇస్తారి దాన్ని వేళ్ల మీద పెట్టి తిప్పాడు. మొదట నవ్వలేదు. తరువాత నవ్వాడు.

"ఏ బండిది దీసిండో గని మంచిగనే దీసిండు. జీపుదున్నట్టుంది. పటేలా, గీ ఇంజన్ల ఎనుక సీలే ఉండది."

"ఉండదా?"

"పుట్టుకతోనే ఉండది. క్రాంకు మీద మర లెక్క గాడి కోసి ఉంటది. తిరిగినంత సేపు గా గాడి ఆయిల్‌ను లోపటికి మలుపుతది. బండి నిలవడ్డంక నాలుగు సుక్కలు కారుతది. అందుకే మీ అన్న రేకు వెట్టేది. లేని సీలు దీసి, లేని కాడ కొత్తదేసిండంటె కుమార్‌ను సన్మానం జెయ్యాలె."

"సుచిత్రల గూడ రాసిన్రు."

"ఎంతకు?"

"నాలుగున్నర వేలు. సీలు ఒక్కదానికే."

"అమ్మో. ఆయనకు శాలువా గూడ కప్పాలె."

నాకు కోపం రావాలి. అది ఎక్కడి నుంచి వస్తుందో కాసేపు చూశాను. రాలేదు. పాత సామాను తెమ్మన్నాను కాబట్టి కుమార్ పాత సామాను తెచ్చాడు. షరతు పెట్టకపోతే నేను బండిని స్టార్ట్ చేసి, అరగంట నిలబెట్టి, కింద చూసుకుని డబ్బులిచ్చేవాణ్ని.

ఇస్తారి బానెట్ ఎత్తి, ఇంజన్ పక్కన కిందికి దిగే లావుపాటి గొట్టాన్ని ఊడదీశాడు. అందులోకి తీగ పెట్టి పొడిచాడు. ఎండిన మట్టి బెడ్డలుగా రాలింది. ఇంకా పొడిచాడు. దోసెడు మట్టి.

"కుమ్మరి పురుగు గూడు. ఇంజన్‌కు ఊపిరి పైపు గిది. ఎన్ని దినాలు నిలవెట్టినవ్?"

"ఐదు నెలలు."

"ఐదు నెలలు బండి కదలకుంటె పురుగు ఊకుంటదా? ఇల్లు గట్టుకుంది. లోపట గాలి బయటికి పోయే తొవ్వ లేక, యాడ సందు దొరికితె ఆడికెల్లి ఆయిల్‌ను తోసింది. బండి జబ్బేం లేదు. ప్యాకింగులు ఎండినయ్, మూడు మారుస్త."

"ఎంతైతది?"

"ఇప్పిన గద, ఇగ జెప్త. సామాను పదిహేను వందలు. నాకు వెయ్యి ఇయ్యి."

రెండు వేల ఐదు వందలు. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఇక్కడ పెద్ద రేటు చెప్పినవాడు నిజంగానే అబద్ధం చెప్పాడు. ఆసుపత్రిలో పెద్ద రేటు చెప్పినవాడు నిజం చెప్పాడు. నేను రెండు చోట్లా ఒకే పని చేశాను. కాగితాలు పోల్చాను, ఆగాను, దించాను. ఆ పని చేస్తున్నప్పుడు ఏది ఏదో నాకు ఎక్కడా తెలియలేదు. ఇరవై ఆరేళ్లుగా తెలుసనే అనుకున్నాను.

ఇస్తారి కింద పడుకుని బోల్టులు విప్పుతూ అడిగాడు.

"పెద్ద పటేలుకు ఆపరేషన్ అన్నరట గద?"

"అన్నరు."

"మరి?"

"టైమ్ దొరకలే."

"జనవరిల బండి తెచ్చిండు. గా మెట్టు ఎక్కితేనే దమ్మొస్తాందన్నడు. జల్దీ సూపించుకో పటేలా అన్న. తమ్ముడు సూస్తడు తియ్యి, ఆనికి అన్ని ఎరుకే అన్నడు." కింద నుంచి చెయ్యి బయటికి పెట్టాడు. "గా పన్నెండు నంబరు పానా ఇయ్యి."

పానా ఇచ్చాను. ఆయన సామాను పేర్లు చెప్తే కాగితం మీద రాసుకుని పోయి తెచ్చాను. షాపువాడి దగ్గర బిల్లు కూడా తీసుకున్నాను.

ఇరవై ఎనిమిదిన ఇన్‌స్పెక్షన్‌కు వదిన కూడా వస్తానన్నది. ఇంట్లో ఉండమంటే వినలేదు. వెనక సీట్లో ఎడమ మూలన కూర్చున్నది. అన్న నడిపినప్పుడు కూడా ఆమె చోటు అదే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కుర్రవాడు. దీపాలు, హారన్, బ్రేకు చూశాడు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. వంగి కిందికి చూశాడు.

"కారుతుందా?"

"నిలవెడితె నాలుగు సుక్కలు సార్. గీ ఇంజన్ గంతనే."

"మా తాతకుండె గిదే బండి. ఇంటి ముంగట ముగ్గు మీద ఆయిల్ కారుతదని మా అవ్వ దాన్ని రోజు తిట్టేది." నవ్వి రాసుకున్నాడు. పాస్ అయింది. ఇంకో ఐదేళ్లు.

తిరిగి వస్తుంటే వదిన కిటికీ అద్దం దించుకుంది. అన్న పోయిన ఈ ఆరు నెలల్లో ఆమె అంత తేలికగా కూర్చోవడం నేను చూడలేదు.

"ఇగ ఆయన నిమ్మలంగ పోతడు," అన్నది.

నా మాట నిలిచింది. బేరం ముగిసింది. ఇంక నేను ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేదు. అట్లా అనుకుంటూ ఔటర్ రింగ్ రోడ్డు కిందినుంచి దాటాను. ఇంజన్ సాఫుగా నడుస్తున్నది. ఆయిల్ లైటు వెలగలేదు.

"దవాఖానల సుట్టు నువ్వే తిరిగినవ్. గిది గూడ నువ్వే జేసినవ్," అన్నది వదిన. "సొంత కొడుకు గూడ గింత జెయ్యడు. ఏం జేస్తం, ఆ డాక్టరు నెల టైమిచ్చిండు గని దేవుడియ్యకపాయె."

"నెల అనలే వదినా."

ఆమె వినలేదేమోనని మళ్లీ అన్నాను.

"డాక్టరు నెల అనలే. పది దినాలు దాటనియ్యకున్రి అన్నడు. నెలని నేనే జెప్పిన మీకు."

ఎదుటి అద్దంలో ఆమె ముఖం కనిపిస్తుంది. నేను చూడలేదు. సిమెంటు లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది.

"ఎందుకు?"

"రేటు దించుదామని."

ఊరి కమాను దాటాం. తరువాత అడిగింది.

"ఎంత దిగింది?"

"లక్షా అరవై."

"గంతేనా," అన్నది.

అడిగినట్టుగా అనలేదు. కొట్లో ఏదో వస్తువు ధర విని పక్కన పెట్టేసినట్టు అన్నది. నేను గేరు మార్చాను. నా చేతులు సరిగానే పనిచేస్తున్నాయి. స్పీడు బ్రేకరు దగ్గర నెమ్మదిగా దించాను.

ఇంటి ముందు ఆపితే ఆమె దిగింది. తలుపు మూయకుండా పట్టుకుని నిలబడ్డది.

"ఆయనకెరుకనా పది దినాల ముచ్చట?"

"లేదు."

"పిల్లకు?"

"లేదు. ఎవ్వలికి ఎరుకలేదు."

"పిట్ట కాడ నువ్వు జెప్పేటిది గీ మాట. కారుతోని సరివెట్టినవ్."

"ముట్టింది గద వదినా."

"దానికి ఆకలైంది," అన్నది.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఏం చేయాలో నాకు కొంత తెలుసు. తలుపు పట్టుకునే ఇంటి వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది.

"పిల్ల రేపే జేరుద్దామంటె నువ్వు వద్దన్నవ్. 'నేనన్న గట్టిగ అడగకపోతి' అని అది రోజు నాతోని ఏడుస్తది. కాకకు ఎదురు జెప్పలేకపోయిన్నని తననే తిట్టుకుంటది. గిది నేను జెప్ప. నువ్వే జెప్పాలె. ఆరున్నరకు క్యాబు దిగుతది. అందాక యాడికీ పోకు."

తలుపు వేసి లోపలికి పోయింది. నేను కారును చింతచెట్టు నీడకు జరిపి, ముందు సీట్లోనే కూర్చున్నాను. నాలుగున్నర అయింది. బౌరంపేట్ నుంచి ఒక బిల్డరు ఫోన్ చేశాడు. పన్నెండు విల్లాలు, ముప్ఫై ఆరు బాత్రూములు, ఫైనల్ రేటు చెప్పమన్నాడు. రేపు మాట్లాడతానన్నాను. "రేపటికి ఇంకొకరికి ఇచ్చేస్త అన్నా," అన్నాడు. ఇచ్చుకోమన్నాను. మళ్లీ రెండుసార్లు చేశాడు. ఎత్తలేదు.

వెళ్లిపోవచ్చు. తాళం చెవి దానికే ఉంది. వెళ్లిపోయినా వదిన చెప్పదు. ఆమె చెప్పనంటే చెప్పదు. అశ్రిత తననే తిట్టుకుంటూ ఉంటుంది, నన్ను కాకా అని పిలుస్తూ ఉంటుంది, పెళ్లిలో తండ్రికి బదులు నా చేత పెళ్లికొడుకు కాళ్లు కడిగిస్తుంది. కూర్చుని అదంతా చూశాను. ఏ వైపు చూసినా లోపల ఏమీ కదలలేదు. ఏమీ కదలకపోయినా కూర్చునే ఉన్నాను. వదిన ఒకసారి బయటికి వచ్చి మంచినీళ్ల చెంబు గోడ మీద పెట్టి పోయింది.

ఆరు నలభైకి క్యాబు మూలమలుపులో ఆగింది. అశ్రిత దిగి, మెడలోని ఐడీ కార్డు తీసి బ్యాగులో వేసుకుంటూ నడిచి వచ్చింది. కారును చూసి అడుగులు జోరు చేసింది.

"కాకా! పాసైందా?"

"అయింది బిడ్డా."

"మరి పార్టీ ఏది? గుట్టుగ కూసున్నవ్ లోపట, పైసలైతయనా?" నవ్వుతూ ఇంజన్ ముందు వంగి కిందికి చూసింది. "ఓయబ్బ, నాలుగు సుక్కలే. ఏం జేయించినవ్?"

"ఇట్ల రా. జరసేపు కూసో."

ఆమె అటువైపు నుంచి తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని నా ముఖం చూసింది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"ఫిబ్రవరిల పెద్ద దవాఖానల, డాక్టరు గదిలకు నేనొక్కణ్నే పోయిన గద," అని మొదలుపెట్టాను.